నాలుగు డిగ్రీల నీళ్లలో ఓడలు చూడాలంటే

మునిగిన ఓడల్ని డైవింగ్ చేసి చూడటానికి కెనడాలోని టోబర్మోరీకి ట్రిప్ అనగానే మా ఆరుగురిలో ఎవరిని కదిపినా ముందు అడిగేది ఒకటే, ఏ ఓడ దగ్గరికి వెళ్తున్నాం అని. ఈసారి నేను ఓడల పేర్లు పక్కనపెట్టి కాగితం మీద ముందు నీళ్ల ఉష్ణోగ్రత రాశాను. ఆ ఓడలు వందేళ్లు దాటినా చెక్కుచెదరకుండా ఉన్నాయంటే ఆ చల్లటి మంచినీళ్ల వల్లే, మన ప్రాణం మీదికి వచ్చేదీ ఆ చలి వల్లే.

టొరంటో నుంచి కారులో సుమారు నాలుగు గంటలు. హ్యూరాన్ సరస్సు, జార్జియన్ బే కలిసే చోట ఉన్న చిన్న ఊరు ఇది. 1987లో ఇక్కడి నీళ్లని ఫాథమ్ ఫైవ్ అనే పార్కు చేశారు. లోపల 20కి పైగా మునిగిన ఓడలున్నాయి, దిగే ముందు డైవర్లు పార్కు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి.

చాలా సముద్రాల్లో మునిగిన చెక్క ఓడ ఇన్నాళ్లు నిలవదు. ఓడపురుగు అని పిలుస్తారు గానీ అది నిజానికి పురుగు కాదు, ఆల్చిప్పల జాతి జీవి, చెక్కని లోపల్నుంచి తొలిచేసి జల్లెడ చేసేస్తుంది. విశాఖ హార్బర్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రవేత్తలు వీటి మీద చాలా పరిశోధన చేశారు, అంత బెడద అక్కడ. మంచినీళ్ల సరస్సులో ఆ జీవి బతకదు. పైగా చలికి బ్యాక్టీరియా, బూజు పని కూడా బాగా మందగిస్తుంది. అందుకే 1884లో మునిగిన అరేబియా అనే తెరచాప ఓడ ముక్కు, దాని దగ్గరి లంగర్లతో సహా ఈరోజుకీ కనిపిస్తుంది.

ఇక ఆ చలి సంగతి. మంచినీళ్లు అన్నిటికన్నా బరువెక్కేది గడ్డకట్టే దగ్గర కాదు, 4 డిగ్రీల దగ్గర. ఆ నీళ్లు అడుగుకి చేరిపోతాయి, ఎండకి వేడెక్కినవి తేలికై పైనే ఉండిపోతాయి. ఆగస్టులో పైన హాయిగా ఈత కొట్టొచ్చు, 30 మీటర్ల కింద మాత్రం 4 నుంచి 6 డిగ్రీలు. ఈ రెంటి మధ్య సరిహద్దుని థర్మోక్లైన్ అంటారు. దాన్ని దాటేటప్పుడు ఎండాకాలం తారురోడ్డు మీద గాలి అల్లాడినట్టు నీళ్లు కళ్లముందు అల్లాడతాయి, మరుక్షణం నుదుటి మీద సూదులు గుచ్చినట్టుంటుంది. గాలితో పోలిస్తే నీళ్లు సుమారు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి కాబట్టి ఒంటికి నీళ్లు తగలనివ్వని డ్రై సూట్ లేకుండా ఈ ట్రిప్ గురించి మాట్లాడటమే అనవసరం.

ఒంటికన్నా ముందు చలి దెబ్బ తగిలేది రెగ్యులేటర్‌కి, అంటే సిలిండర్ గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించే పరికరానికి. సిలిండర్‌లో 200 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) గాలి ఒక్కసారిగా పదికి కాస్త అటూఇటూ పడిపోయినప్పుడు వ్యాకోచించి విపరీతంగా చల్లబడుతుంది. బయటి నీళ్లే 4 డిగ్రీలుంటే లోపల మంచు కట్టి వాల్వ్ తెరుచుకునే ఉండిపోతుంది, గాలి ధారగా పోతూనే ఉంటుంది. పోయినేడాది మా వాడికి అదే జరిగింది. అద్దెకి తెచ్చుకున్న రెగ్యులేటర్ చల్లనీళ్లకి చేసింది కాదు, పైగా పడవ మీదే నాలుగైదు సార్లు దాంతో ఊపిరి పీల్చి వదిలి చూసుకున్నాడు, ఆ ఊపిరిలోని తేమ లోపలే ఉండిపోయింది. 18 మీటర్ల దగ్గర బుడగల మధ్య వాడి మొహం కనపడలేదు నాకు. చేతి వేళ్లు అప్పటికే మొద్దుబారి ఉన్నాయి, పక్కవాడి అవసరానికని ఉంచుకునే నా రెండో రెగ్యులేటర్ తీసి అందించడానికి మూడుసార్లు తడుముకున్నాను. క్షేమంగా పైకొచ్చాం గానీ ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

అందుకే ఈసారి గాలి లెక్క అందరితో చేయించాను. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్న దానికి సుమారు 4 రెట్లు, అంటే గాలి ఖర్చూ 4 రెట్లు. ఒకరి గాలి పోయి ఇద్దరూ ఒకే సిలిండర్‌తో పైకి రావాలనుకోండి. కంగారులో ఒక్కొక్కరికి నిమిషానికి 30 లీటర్లు పెట్టుకుంటే, అడుగున సర్దుకోవడానికి ఒక నిమిషం 240 లీటర్లు, పైకి రావడానికి మూడున్నర నిమిషాలు (ఒత్తిడి సగటున రెండున్నర రెట్లు) 525, ఒంట్లో నైట్రోజన్ బయటికి పోవడానికి 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగితే (ఒకటిన్నర రెట్లు) 270, మొత్తం 1,035 లీటర్లు. మా 11 లీటర్ల సిలిండర్‌లో అది 94 బార్లు. సుమారు సగం సిలిండర్ పక్కవాడి కోసమే దాచాలన్నమాట! మిగిలిన సగంతో అడుగున దొరికేది పదీ పన్నెండు నిమిషాలే. చాలామంది 50 బార్లు మిగిల్చితే చాలనుకుంటారు, వెచ్చటి నీళ్లలో, తక్కువ లోతులో వచ్చిన అలవాటు అది, ఇక్కడ పనికిరాదు.

ఇంకోటి చాలామంది పట్టించుకోరు. అమెరికా నేవీ వాళ్లు డైవర్ల మీద చేసిన పరీక్షల్లో, అడుగున వెచ్చగా ఉండి పైకొచ్చేటప్పుడు చల్లబడిన వాళ్లకి డికంప్రెషన్ జబ్బు (ఒంట్లో కలిసిన నైట్రోజన్ పైకొచ్చేటప్పుడు బుడగలు కట్టడం) ముప్పు బాగా ఎక్కువని తేలింది. దిగేటప్పుడు ఒళ్లు వెచ్చగా ఉంటే నైట్రోజన్ బాగా కలుస్తుంది, తిరిగొచ్చేటప్పటికి వణుకుతుంటే రక్తప్రసరణ తగ్గి అది బయటికి రాదు. మామూలుగా మన ఒళ్లు నడిచే తీరూ అచ్చం అదే. కాబట్టి చలి మొదలవకముందే తిరగాలి, థర్మోక్లైన్ పైకొచ్చాక నిదానంగా ఆగాలి. బ్యాటరీతో వేడెక్కే కోటు వేసుకునేవాళ్లు అడుగునే మొత్తం ఛార్జింగ్ అయిపోకుండా చూసుకోవాలి.

ఇదంతా రాసుకున్నాకే ఓడల జాబితా పెట్టాం. మొదటి రోజు స్వీప్‌స్టేక్స్, 1885లో మునిగింది, లోతు 6 మీటర్లే. దాని కడుపులోకి ఎవర్నీ వెళ్లనివ్వరు, బయటి నుంచే చూడాలి. నీళ్లలో దిగడానికి కట్టుకునే బరువులు సరిచూసుకోవడానికి మంచి చోటు, ఉప్పునీళ్లకి అలవాటుపడిన వాళ్లకి ఇక్కడ రెండు మూడు కిలోలు తక్కువే పడుతుంది. రెండో రోజు నయాగరా-2, డైవర్ల కోసమే 1999లో ముంచిన ఇనుప ఓడ. అరేబియా మూడో రోజుకి పెట్టాం. 30 మీటర్లు దాటిన లోతు, అక్కడ డైవర్ల ప్రాణాలు పోయాయి, అందుకే మా హద్దు 30, డెక్ మీదుగా చూసి వచ్చేయడమే. జంటలు కూడా స్నేహాన్ని బట్టి కాదు, గాలి ఖర్చుని బట్టి కట్టాం, మా బావమరిదికి ముందు కోపమొచ్చింది గానీ లెక్క చూశాక ఒప్పుకున్నాడు. ఎవరైనా సరే బొటనవేలు పైకి చూపిస్తే జంట ఇద్దరూ పైకి, ఎందుకని పడవ మీద కూడా అడగకూడదు.

పైకొచ్చాక బరువులెత్తొద్దు, వెంటనే వేడినీళ్ల స్నానం వద్దు. ఫ్లాస్కుల్లో మిరియాల చారు తెచ్చే పని నాది.