కర్నూలు నుంచి కడపకు ఒక్క నిమిషంలో

కామిక్స్ పిచ్చి ఉన్న కుర్రాళ్లు నలుగురు కర్నూలు టీ బంకు దగ్గర చేరితే, మెరుపు వేగంతో పరిగెత్తే కామిక్స్ హీరో ఫ్లాష్ మీద వాదన ఒక పట్టాన తెగదు. "వాడు పరిగెత్తితే కాళ్లే కనపడవు సామీ, గీతల మాదిరి ఉంటాయి" అంటాడొకడు. 1940లో పుట్టిన ఆ హీరోను బొమ్మల్లో గీసేదీ అట్లాగే. నాకైతే ఆ గీతల మీదే అనుమానం.

ఫ్లాష్ కర్నూలు నుంచి కడపకు ఒక్క నిమిషంలో పరిగెత్తాడనుకుని లెక్క మొదలుపెడదాం. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా దూరం సుమారు 200 కిలోమీటర్లు. నిమిషంలో చేరాలంటే సెకనుకు 3.3 కిలోమీటర్లు పోవాలి. ధ్వని వేగానికి దాదాపు పది రెట్లు! 70 కిలోల మనిషికి అంత వేగం రావడానికి కావలసిన శక్తి మాత్రం 108 యూనిట్ల కరెంటే, చిన్న సంసారం నెలకు వాడుకునేంత. అసలు ఖర్చు గాలితో. దాన్ని తోసుకుంటూ పోవడానికి సుమారు 11,000 మెగావాట్లు కావాలి. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం 1,650 మెగావాట్లు. అలాంటివి దాదాపు ఏడు ఉంటే తప్ప సరిపోదు. పైగా ముందున్న గాలి నలిగి వేల డిగ్రీలకు కాగిపోతుంది.

కామిక్స్ రాసేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. అందుకే గాలి రాపిడి తగలకుండా అతని చుట్టూ ఒక కవచం కల్పించారు. సరే, ఒప్పుకుందాం. ఒక మాయ ఫ్రీ.

అయినా కాళ్ల గొడవ తీరదు. పరుగంటే వరసగా వేసే చిన్న చిన్న గెంతులే. పాదం నేల వదిలాక మనిషిని కిందికి దించేది గురుత్వాకర్షణ ఒక్కటే, అది హీరో అని చూసి తొందరపడదు. ఒళ్లు 5 సెంటీమీటర్లు పైకి లేస్తే మళ్లీ నేలను తాకడానికి 0.2 సెకను పడుతుంది. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తినప్పుడు వేసినవి 41 అడుగులు, అంటే సెకనుకు నాలుగు పైచిలుకు. మన ఫ్లాష్ ఆ 5 సెంటీమీటర్ల ఎత్తునే గెంతితే సెకనుకు ఐదుకు మించి వేయలేడు. కాకపోతే ఒక్కో అడుగు 670 మీటర్లు! కడపకు మొత్తం 300 అడుగులు. మనిషి కంటికి ఆనకపోవచ్చు గానీ, కాళ్లు గీతలయ్యేంతగా ఆడించాల్సిన పని లేదు.

ఇక పాదం నేలకు ఆనే ఆ కాసేపు చూడండి. శరీరం ఒక మీటరు ముందుకు జరిగేంత సేపే కాలు కింద ఉంటుంది, అంటే 0.0003 సెకను. ఆ లోపే నేల అతన్ని మళ్లీ పైకి విసరాలి. ఒక్క అరికాలి మీద దాదాపు 47 టన్నులు పడుతుంది. ఎముక తట్టుకుందనుకున్నా తారు రోడ్డు తట్టుకోదు.

"తక్కువ ఎగిరితే సరి కదా?" అని అడగొచ్చు. మంచి ప్రశ్నే. మిల్లీమీటరే ఎగిరితే బరువు ఏడు టన్నులకు దిగుతుంది, అడుగు 95 మీటర్లవుతుంది, సెకనుకు 35 అడుగులు పడతాయి, బొమ్మలోని గీతలకూ కొంత న్యాయం జరుగుతుంది. కానీ 95 మీటర్ల పొడవునా మిల్లీమీటరు ఎగుడుదిగుడు లేని రోడ్డు మన జిల్లాల్లో ఎక్కడుందో చూపించాలి. స్పీడ్ బ్రేకర్ల మాట ఎత్తను.

మలుపు ఇంకా కష్టం. కిలోమీటరు వ్యాసార్థం ఉన్న వంపు మనకు వంపుగానే అనిపించదు. ఈ వేగంలో అక్కడ తిరగాలంటే బరువుకు 1,100 రెట్లకు పైగా పక్కబలం కావాలి, బూటుకు తారు మీద దొరికే పట్టేమో బరువుకు అటూ ఇటూ. రోడ్డు తిరుగుతుంది, అతను తిన్నగా శనగ చేలోకి పోతాడు.

వేగం ఇంకా పెంచి కడపకు 25 సెకన్లలో చేరతాడని పందెం కాసేవాళ్లూ ఉంటారు. అప్పుడది సెకనుకు 8 కిలోమీటర్లు. భూమి గుండ్రం కాబట్టి అతను ఎంత కిందికి పడతాడో, నేల కూడా అంతే వంగిపోతుంది. పాదాలు నేలకు ఆనవు, అతనొక ఉపగ్రహం అవుతాడు. 17 సెకన్లు అన్నారంటే భూమి ఆకర్షణ నుంచి తప్పించుకునే వేగం, అంటే సెకనుకు 11.2 కిలోమీటర్లు కూడా దాటినట్టే. ఇక కడపే కాదు, భూమే దాటిపోతాడు.