డెబ్బై కుండల ఇల్లు

1976లో ఎల్ సాల్వడార్ దేశంలోని సపోటిటాన్ లోయలో ధాన్యం గోదాములు కట్టడానికి బుల్డోజర్‌తో నేల చదును చేస్తుండగా, బూడిద పొరల కింద ఒక ఇంటి మట్టి అరుగు తేలింది. అంత చక్కగా నిలిచి ఉండేసరికి అదేదో ఈమధ్య కాలంనాటి ఇల్లే అనుకున్నారు. 1978లో అక్కడికి వచ్చిన పురావస్తు శాస్త్రవేత్త పేసన్ షీట్స్ ఆ ఇంటి కప్పు గడ్డిని కాలనిర్ణయానికి పంపించాడు. గడ్డి వయసు దాదాపు 1400 ఏళ్లని తేలింది. మెక్సికో దక్షిణాన, మధ్య అమెరికాలో విలసిల్లిన ప్రాచీన మాయా నాగరికతకు చెందిన ఆ ఊరినే ఇవాళ హోయా దె సెరెన్ అంటున్నారు. 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

క్రీ.శ. 600 ప్రాంతంలో ఒక సాయంత్రం ఊరికి ఒక కిలోమీటరు కూడా లేని దూరంలో నేల పగిలి లోమా కాల్డెరా అగ్నిపర్వతం పేలింది. జనం ఉన్నపళంగా పారిపోయారు. ఇళ్లలో మనుషుల అవశేషాలు దొరకలేదు. మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉండిపోయి, నాలుగు నుంచి ఆరు మీటర్ల మందాన బూడిద కప్పేసింది. పడుకునే చాపలు ఇంకా పరవలేదు, రాత్రి తిన్న గిన్నెలు కడగలేదు. కొన్ని గిన్నెల లోపలి గోడల మీద తిండిని వేళ్లతో తుడుచుకుని తిన్న చారలు అలాగే ఉన్నాయి. గిన్నెలో ఆఖరి మెతుకుదాకా వేలు పెట్టి తుడుచుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఆ చారలేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

సెరెన్‌లో ఒక్కో కుటుంబానికి ఇంచుమించు 70 మట్టిపాత్రలు ఉన్నాయి. మాయా మట్టిపాత్ర అనగానే మ్యూజియం అద్దాల వెనక రాజులు, దేవతల బొమ్మలతో ఉండే పొడవాటి గ్లాసులే మన కళ్ల ముందు మెదులుతాయి. అవి అందమైనవే, కాదనలేం. కానీ అవి సమాధుల్లోంచి వచ్చినవి. మాయా జనంలో అత్యధికులు రైతులు. వాళ్లు ఏం వండారు, ఎలా దాచారు, నీళ్లెలా మోశారు అన్నది చెప్పగలిగేది మసిపట్టిన ఈ మామూలు కుండలే. అందుకే నా దృష్టిలో మాయా నాగరికతకు సెరెన్ వంటింటి కుండను మించిన సాక్ష్యం లేదు.

ఆ ఇంటి ఏర్పాటు చూడండి. పడుకునే గది వేరు, వంటిల్లు వేరు, సామాను కొట్టు వేరు. మూడూ విడివిడి కట్టడాలు. పడకగదికీ కొట్టుకీ తడికెకు మట్టి మెత్తిన గోడలు, అన్నిటికీ గడ్డి కప్పు. వంటింట్లో మూడు రాళ్ల పొయ్యి. కొట్టులో చిక్కుడు గింజలు నింపిన కుండలు. కప్పునుంచి వేలాడదీసిన పాత్రలు, మిరపకాయల గుత్తులు. నల్లటి గాజురాయి కత్తులను పిల్లల చేతికి అందకుండా చూరులో దోపారు. ఒక కొట్టు గడ్డికప్పులో ఎలుకల అస్థిపంజరాలు దొరికాయి. గింజల్ని నేలమీద కుప్ప పోయకుండా కుండల్లో పోసి మూత పెట్టడం ఎందుకో ఆ ఎలుకలే చెబుతున్నాయి. మన మిరప పూర్వీకుల ఊరు కూడా ఆ అమెరికా ఖండాలే. గుంటూరు మిరపతోటలకు ఆ విత్తనం పోర్చుగీసు ఓడలు వచ్చాకే చేరింది.

కుండ ఆకారం చూస్తే దాని పని తెలిసిపోతుంది. వంటకుండ అడుగు గుండ్రంగా ఉంటుంది. గోడ పలచన, మూతి వెడల్పు. అడుగున మూలలు తేలి ఉంటే మంట తగిలినచోట మట్టి ఒకలా, తగలనిచోట ఒకలా వ్యాకోచించి ఆ మూల దగ్గరే పగులు మొదలవుతుంది. గుండ్రటి అడుగైతే ఆ ఒత్తిడి ఒకేచోట పేరుకోదు, మూడు రాళ్లమీద కదలకుండా కూర్చుంటుంది కూడా. నీళ్ల కడవకు మెడ సన్నగా ఉంటుంది, తొణకకుండా. భుజాన చెవులు ఉంటాయి, తాడు కట్టడానికి. ఆ తాడుకు వెడల్పాటి పట్టీ అల్లి నుదుటికి తగిలించి, కడవను వీపున మోసేవాళ్లు. 20 లీటర్ల కడవైతే నీళ్ల బరువే 20 కిలోలు, కుండ బరువు దానికి అదనం. అందుకే కడవ గోడను ఎంత పలచన చేయగలిగితే అంత మేలు. కడవ బయటివైపు నున్నటి పూత పూయకుండా, తడి మట్టిమీద దువ్వెనలాంటి పనిముట్టుతో గీతలు గీసి వదిలేసిన కుండలు మాయా పల్లపు ప్రాంతాల్లో గుట్టలుగా దొరుకుతాయి. గీతలుంటే తడిచేతికి పట్టు దొరుకుతుంది. పూత లేకపోతే కుండ చెమర్చి నీళ్లు చల్లబడతాయి. ఇది వేసవిలో మట్టికుండ నీళ్లు తాగే ఎవరికైనా తెలిసిన సంగతే.

అసలు కిటుకు మట్టిలో ఉంది. ఒట్టి బంకమన్నుతో చేసిన కుండ ఎండేటప్పుడు కుంచించుకుపోయి పగులుతుంది. కాబట్టి మట్టిలో ఏదో ఒక గరుకు పొడి కలపాలి. పగులు వస్తూ వస్తూ ఆ గరుకు గింజ దగ్గర ఆగిపోతుంది. మాయా కుమ్మరులు ప్రాంతాన్నిబట్టి అగ్నిపర్వతపు బూడిద, పాతకుండల పెంకుల పొడి, సున్నపురాతి పొడి వాడారు. వంటకుండకు మాత్రం స్ఫటికంలా మెరిసే కాల్సైట్ సున్నపురాయి ఎంతో మేలు. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో టికూల్ అనే ఊరి కుమ్మరులు మొన్నమొన్నటిదాకా పొయ్యిమీదికి వెళ్లే కుండకు ఈ రాతిపొడినీ, నీళ్ల కుండలకు వేరే తెల్లమట్టి పొడినీ వాడేవాళ్లు. కాల్సైట్ వేడికి వ్యాకోచించే తీరు తక్కువ వేడిలో కాల్చిన మట్టి తీరుకు దగ్గరగా ఉంటుంది. అందుకే రోజూ వేడెక్కి చల్లబడే కుండ దాంతో ఎక్కువకాలం మన్నుతుంది. మామూలు ఇసుకలోని క్వార్ట్జ్ అలా కాదు. 573 డిగ్రీల దగ్గర దాని స్ఫటిక నిర్మాణం మారి, గింజ హఠాత్తుగా ఉబ్బుతుంది.

కానీ కాల్సైట్‌తో ఒక పెద్ద ప్రమాదం ఉంది. కాల్చేటప్పుడు వేడి 700 డిగ్రీలు దాటి బాగా పైకి పోతే సున్నపురాయి విరిగి బొగ్గుపులుసు వాయువు పోయి, పొడిసున్నం మిగులుతుంది. కుండ ఆవంలోంచి బాగానే వస్తుంది, మోగిస్తే ఖంగున మోగుతుంది. తర్వాత రోజుల్లో గాలిలోని తేమ తగిలి ఆ పొడిసున్నం నీళ్లు పట్టి ఉబ్బుతుంది. కుండ పైపొర చిన్న చిన్న బిళ్లలుగా ఎగిరిపోతుంది. ఒక్కోసారి కుండ మొత్తం పిండిపిండి అవుతుంది. కాబట్టి కాల్చే మనిషి మంటను అటు మట్టి గట్టిపడేంతా, ఇటు సున్నం కాలనంతా నిలపాలి. మట్టిలో కలిసి ఉన్న నీరు వదిలి, మళ్లీ నీళ్లు తగిలినా మెత్తబడని స్థితికి మట్టి చేరేది సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య. అంటే కుమ్మరికి ఉన్న సందు నిండా రెండు వందల డిగ్రీలు కూడా లేదు. ఉష్ణమాపకం లేని చేతులు మంటరంగు చూసి ఆ సందులో కుండను పండించాయి.

సారె లేదు. కుమ్మరి సారె అన్నది మాయా లోకానికి స్పానిష్ వాళ్లు వచ్చేదాకా తెలియదు. అడుగుభాగాన్ని అచ్చుమీదో చేత్తోనో తీర్చి, పైన మట్టి పేట్లు చుట్టలు చుట్టి, వేళ్లతో అదిమి, సొరకాయ డిప్ప ముక్కతో గీకి నునుపు చేస్తారు. యుకటాన్‌లో కబాల్ అనే చెక్కదిమ్మను పాదాలతో నెమ్మదిగా తిప్పుతూ దానిమీద కుండ కట్టే పద్ధతి 20వ శతాబ్దంలోనూ ఉంది. మట్టి పేట్ల అతుకు సరిగ్గా పడకపోతే కుండ ఆ అతుకు వెంబడే అడ్డంగా విరుగుతుంది. తవ్వకాల్లో దొరికే పెంకుల అంచు చూసి కుండ ఎలా కట్టారో చెప్పడానికి అదొక గుర్తు.

చేసిన కుండ నీడలో మెల్లగా ఎండాలి. మూతి ముందు ఎండి అడుగు తడిగా ఉంటే మూతి దగ్గర చీలిక పడుతుంది. లోపల తేమ మిగిలి ఉండగా మంటలో పెడితే నీరు ఆవిరై గోడను పేల్చేస్తుంది. బోలు కాళ్లున్న మూడు కాళ్ల పళ్లేలకు మాయా కుమ్మరులు ప్రతి కాలికీ ఒక చీలిక కోసేవాళ్లు. అలంకారంలా కనిపించే ఆ చీలిక అసలు ఆవిరి బయటికి పోయే దారి. కొన్నిటి కాళ్లలో చిన్న మట్టి గుండ్లు వేసి గిలకలా మోగేలా చేశారు కూడా. కాల్చడం చాలాచోట్ల బయలులోనే, కుండల చుట్టూ కట్టెలు పేర్చి. మెక్సికోలోని చియాపాస్ రాష్ట్రంలో, అమతెనాంగో ఊరిలో త్సెల్తాల్ భాష మాట్లాడే మాయా ఆడవాళ్లు ఈనాటికీ అలాగే కాలుస్తారు. బయటి మంటలో గాలి ఆడనిచోట కుండమీద నల్లని పొగమచ్చ పడుతుంది. పెంకు విరిచి చూస్తే నడిమధ్య నల్లటి గీత కనిపిస్తే, మట్టిలోని ఆకు అలములు పూర్తిగా కాలేలోపే మంట చల్లారిందని అర్థం.

ఇక పొయ్యిమీదికి వద్దాం. మాయా ఇంటి వంట మొక్కజొన్నతో మొదలవుతుంది. గింజను నేరుగా ఉడికించరు, సున్నపు నీళ్లలో ఉడికిస్తారు. ఇప్పటికీ సాగుతున్న లెక్క ప్రకారం కిలో గింజలకు సుమారు 10 గ్రాముల సున్నం, రెండు మూడు లీటర్ల నీళ్లు. కాసేపు ఉడికించి, పొయ్యి దించి రాత్రంతా అలాగే నానబెడతారు. పొద్దున చిల్లుల కుండలో వేసి నీళ్లు పోసి రుద్ది కడిగితే పైతొక్క జారిపోతుంది. సున్నం తగ్గితే తొక్క రాదు, ముద్ద బరకగా ఉండి కలవదు. ఎక్కువైతే చేదు, ముద్ద జిగటగా పసుపుపచ్చగా అవుతుంది. రోజూ ఇదే పనిచేసే కుండ లోపల క్రమంగా తెల్లటి సున్నపు పొర పేరుకుంటుంది. కడిగిన గింజలు ఆ తర్వాత రాతిమీద నూరుతారు. సెరెన్‌లో ఆ నూరురాళ్లను పంగకర్రలమీద నడుమెత్తు నిలబెట్టారు, వంగకుండా నూరడానికి.

ఈ సున్నపు ఉడకే అక్కడి జనాన్ని బతికించింది. మొక్కజొన్నలోని నయాసిన్ విటమిన్ మామూలుగా వండితే ఒంటికి అందదు, సున్నంతో విడుదలవుతుంది. అదే మొక్కజొన్న యూరప్‌కు వెళ్లింది, ఈ పద్ధతి మాత్రం వెంట వెళ్లలేదు. ఫలితంగా అక్కడ పేదల్లో చర్మం మాడిపోయే పెలాగ్రా జబ్బు ప్రబలింది. మన దక్కనులో జొన్నలే ముఖ్యాహారమైన పేదల్లో కూడా ఆ జబ్బు ఉండేది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1960ల్లో దానిమీద లోతుగా పనిచేశారు.

నూరిన ముద్దతో ఏం చేశారు? రొట్టెలని అందరూ అనుకుంటారు. కానీ ఆ కాలపు పల్లపు మాయా ఊళ్లలో రొట్టె కాల్చే మట్టిపెనాలు అరుదు. కుండలమీది బొమ్మల్లో పళ్లెం నిండా కనిపించేవి గుండ్రటి తమాలేలు. అంటే పిండిలో కూర పెట్టి ఆకుల్లో చుట్టి ఆవిరిమీద ఉడికించిన ముద్దలు. మిగతాది పలచటి మొక్కజొన్న అంబలి. పెనాలు బాగా పెరిగేది తర్వాతి శతాబ్దాల్లోనే. అంటే ఒక జాతి తిండి మారిందని చెప్పింది ఒక పాత్ర ఆకారం.

కోకో గింజలున్న కుండ కూడా సెరెన్‌లో దొరికింది, ఒక మామూలు ఇంటి కొట్టులో. కోకో రాజుల పానీయం అన్న మాటకు ఈ కుండ గట్టి సవాలు. గ్వాటెమాలాలోని రియో అసుల్ సమాధిలో 1984లో దొరికిన, మెలితిప్పి బిగించే మూతగల పాత్రలో రసాయన పరీక్షచేస్తే కోకోలో ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థం ఆనవాళ్లు బయటపడ్డాయి. దానిమీద మాయా లిపిలో ‘కకవ్’, అంటే కోకో, అనే మాట కూడా ఉంది. కోకో పానీయాన్ని ఎత్తునుంచి పోసి నురగ తెప్పించేవాళ్లు. ప్రిన్స్‌టన్ మ్యూజియంలో ఉన్న ప్రసిద్ధ మాయా పాత్రమీద ఒక స్త్రీ నిలబడి ఎత్తునుంచి ఇంకో పాత్రలోకి కోకో పోస్తూ ఉంటుంది. మన హోటళ్లలో కాఫీ తిరగబోసినట్లే.

సెరెన్ రైతుల గిన్నెల్లో చాలావరకు గ్వాసాపా అనే స్థానిక రకం. పూత పలచన, గీతలతో తుడిచినట్టు ఉండే మామూలు కుండలు. కానీ ప్రతి ఇంట్లోనూ కోపడోర్ అనే రంగుల రకం కూడా ఉంది. హోండురాస్‌లోని మాయా నగరం కోపాన్, ఎల్ సాల్వడార్ అనే రెండు పేర్లు కలిపి పురావస్తు శాస్త్రవేత్తలు పెట్టిన పేరది. దానిమీది ఎరుపు రంగులో మెరిసే ఇనుపరాయి పొడి కలవడంవల్ల వెలుగుపడితే తళుక్కుమంటుంది. అంచు చుట్టూ అక్షరాల్లాంటి గుర్తులు ఉంటాయి, కానీ అవి అక్షరాలు కావు. చదవడానికి అందులో ఏమీ లేదు, అక్షరాల అందం మాత్రం ఉంది. ఇవి ఇంట్లో చేసినవి కావు, బయటినుంచి మారకానికి తెచ్చుకున్నవి. రోజూ తినడానికి, తాగడానికి వాడారు. వేలిచారలున్నది ఇలాంటి గిన్నెల్లోనే.

పగిలిన కుండ కూడా పనికొచ్చేది. పెద్ద పెంకు మూత అయ్యేది, బొగ్గులు తోడే పార అయ్యేది. గుండ్రంగా అరగదీసి నడుమ రంధ్రం చేస్తే నూలు వడికే కదురు బిళ్ల. రెండువైపులా గాడి పెడితే సముద్రతీరంలో వలకు కట్టే బరువు. మరీ చిన్నవి మళ్లీ పొడై కొత్త కుండ మట్టిలో కలిసేవి.

టికూల్ కుమ్మరులను డీన్ ఆర్నల్డ్ అనే మానవశాస్త్రవేత్త 1965 నుంచి దశాబ్దాలపాటు గమనించాడు. ఊళ్లకు కొళాయిలు రాగానే మొదట పోయింది నీళ్ల కడవే. కుమ్మరులు పూలకుండీలకు, యాత్రికులు కొనే బొమ్మలకు మళ్లారు. నవంబర్ మొదట్లో చనిపోయినవాళ్లకు తిండి పెట్టే రోజుల్లో కావలసిన చిన్న మట్టిగిన్నెలకు మాత్రం గిరాకీ నిలిచింది.