రంగు కాళ్ల కప్పలు: అపోహలు – వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే హనుమకొండ, ములుగు, నర్సంపేట వైపు నుంచి నాకు కప్పల ఫోటోలు వస్తూనే ఉంటాయి. ఉభయచరాల సర్వేలు చేసే పనిలో ఉన్నాను కనుక, కాళ్ల మీద రంగు కనబడగానే జనం అడిగేది ఒక్కటే: ఇది విషకప్పేనా?

అపోహ: తొడల మీద పసుపు మచ్చలున్న కప్ప విషపూరితం.

వాస్తవం: స్నానాల గదిలో బకెట్టు వెనకాల, నీళ్ల ట్యాంకు మూత కింద, కూలర్‌లో దొరికే ఆ గోధుమరంగు జీవి మన మామూలు చెట్టు కప్ప. శాస్త్రీయ నామం పాలిపెడేటస్ మాక్యులేటస్. దానివల్ల మనిషికి ఏ హానీ లేదు. పగలంతా ఒంట్లో తేమ పోకుండా కాళ్లు దగ్గరగా ముడుచుకొని కదలకుండా కూర్చుంటుంది. అప్పుడు తొడల వెనక ఉన్న గుండ్రని పసుపు మచ్చలు, వాటి మధ్యనున్న ముదురు గోధుమ గీతలు బయటికి కనిపించవు. ఎగిరిన క్షణంలో మాత్రమే అవి మెరుస్తాయి. ఇలా దాగి ఉండి మెరిసే రంగుకు శాస్త్రజ్ఞులు చెప్పే కారణం ఇది: తరుముతున్న పాము గానీ పక్షి గానీ ఆ మెరుపునే గురిపెడుతుంది, కప్ప వాలి కాళ్లు ముడవగానే రంగు మాయమై, వేటాడే జంతువు అక్కడ లేని పసుపును వెతుక్కుంటూ ఉండిపోతుంది. విషాన్ని చాటుకునే జీవి సాధారణంగా తన రంగును మడతల్లో దాచుకోదు. తిరుగులేని సూత్రం కాదు గానీ, ఫోటో పంపినవారిని నేను మొదట అడిగేది మాత్రం కూర్చున్నప్పుడు కూడా ఆ రంగు కనిపించిందా అనే.

అపోహ: ఎర్రని ఒళ్లు, నీలి కాళ్ల కప్ప పాకాల అడవిలో దొరికింది.

వాస్తవం: ఆ ఫోటో ఏటా తిరుగుతుంది. అందులోని కప్ప, శాస్త్రీయ నామం ఊఫాగా ప్యూమిలియో, నికరాగ్వా, కోస్టారికా, పనామా దేశాలది. నీలి కాళ్ల వల్ల దానికి 'బ్లూ జీన్స్' అనే ముద్దుపేరు వచ్చింది. పొడవు రెండు సెంటీమీటర్ల పైచిలుకు. ఇది నిజంగానే విషకప్ప, అయితే ఆ విషం తాను తినే మైట్లు అనే సన్నని పురుగులు, చీమల నుంచి చర్మంలోకి చేరుతుంది. పనామాలోని బోకాస్ దెల్ తోరో దీవుల్లో ఇదే జాతి ఆకుపచ్చగా, పసుపుగా, నీలంగా కూడా ఉంటుంది కాబట్టి రంగును బట్టి జాతిని తేల్చడం అక్కడ కూడా కుదరదు. తల్లి కప్ప తన తోకకప్పలను మొక్కల ఆకు మొదళ్లలో నిలిచే నీటిలోకి మోసుకెళ్లి, ఫలదీకరణ చెందని గుడ్లు పెట్టి మేపుతుంది. ఎండాకాలంలో ఆకులు రాల్చే టేకు, నల్లమద్ది, వెదురు ఉన్న పాకాల అడవిలో అలాంటి తడి ఏడాది పొడవునా ఎక్కడ దొరుకుతుంది? వేళ్ల మధ్య ఎర్రని పొరతో గాలిలో జారే మలబారు కప్ప మన దేశానిదే అయినా, అదీ పశ్చిమ కనుమల వానల అడవులను నమ్ముకున్నదే.

అపోహ: తొలి వానలకు కనిపించే పసుపుపచ్చ కప్పలు ఎక్కడి నుంచో వచ్చిన కొత్త జాతి.

వాస్తవం: అవి మన బోదురు కప్పల్లోని మగవి. జతకట్టే కాలంలో కొద్దిపాటి సమయం ఒళ్లు, కాళ్లు పసుపుగా మారతాయి, గొంతు సంచులు నీలంగా ఉబ్బుతాయి. వానల కోసం రోకలికి కప్పను కట్టి కప్పతల్లి ఆట ఆడిన ఊళ్లలోనే వాన పడ్డాక ఈ కప్పను చూసి భయపడటం నాకు వింతగా ఉంటుంది. విదేశాల్లో కాళ్ల మాంసానికి ఉన్న గిరాకీ వల్ల ఎగుమతయ్యి ఇవి బాగా తగ్గాయి; భారత ప్రభుత్వం 1987లో ఆ ఎగుమతిని నిషేధించింది.

అపోహ: చెరువు నిండితే చాలు, కప్పలన్నీ బతుకుతాయి.

వాస్తవం: బోదురు కప్పకు గుంట నీళ్లు చాలవచ్చు. చెట్టు కప్ప మాత్రం నీటిపైకి వంగిన కొమ్మకో, ట్యాంకు గోడకో నురగ గూడు కట్టి అందులో గుడ్లు పెడుతుంది. పిల్లలు అక్కడి నుంచి కింది నీళ్లలోకి జారిపడతాయి. చెరువు కట్ట మీది పొదలన్నీ కొట్టేసి రాయి పరిచినచోట నీళ్లున్నా దానికి చోటుండదు.

అపోహ: ఇంట్లోకి వచ్చిన కప్ప మీద ఉప్పు చల్లితే వెళ్లిపోతుంది.

వాస్తవం: వెళ్లిపోదు, చచ్చిపోతుంది. కప్ప చర్మం నీటిని, మందులను నేరుగా పీల్చుకుంటుంది కనుక ఫినాయిల్ కూడా అంతే ప్రమాదం. తడి చేతులతో గానీ మగ్గుతో గానీ పట్టి, పొద్దుగూకాక పెరట్లోని చెట్టు దగ్గర వదలండి.