రేడియేషన్ పనిచేయాలంటే కణితికి ఆక్సిజన్ అందాలి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ మొదలుపెట్టే ముందు డాక్టర్లు హిమోగ్లోబిన్ చూస్తారు. 10 గ్రాముల కన్నా తక్కువ ఉంటే సాధారణంగా రక్తం ఎక్కించాలంటారు. ములుగు, నర్సంపేట వైపు నుంచి వరంగల్‌కో హైదరాబాద్‌కో వచ్చిన కుటుంబాలకు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. "అమ్మకు కరెంట్ పెడతరని వస్తే రక్తం తెమ్మంటున్నరేంది సార్?" అని అడుగుతారు. కరెంట్ అంటే రేడియేషనే. అడగాల్సిన ప్రశ్నే అది.

రేడియేషన్ కణంలోని నీటి అణువులను చీల్చి ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తుంది. అవి డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. దెబ్బ తగిలిన చోట ఆ క్షణంలోనే ఆక్సిజన్ చేరితే కణం ఇక దాన్ని బాగుచేసుకోలేదు. ఆక్సిజన్ లేకపోతే చాలావరకు సరిచేసుకుని బతికిపోతుంది. అలాంటి కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి. ఈ సంగతికి చికిత్సలో ఎంత ప్రాధాన్యం ఉందో 1953లో బ్రిటన్‌లో శాస్త్రవేత్త ఎల్.హెచ్. గ్రే బృందం చూపించింది. నేడు రేడియేషన్ డోసును కొలిచే 'గ్రే' ఆయన పేరే.

రెండేళ్ల తర్వాత థామ్లిన్‌సన్‌, గ్రే కలిసి ఊపిరితిత్తుల కణితుల ముక్కలను మైక్రోస్కోప్ కింద పరిశీలించారు. రక్తనాళానికి దగ్గర్లో ఉన్న కణాలు బతికున్నాయి. మిల్లీమీటరులో ఐదో వంతు దూరం కూడా దాటకముందే కణాలు చచ్చిపోయి ఉన్నాయి. పాకాల చెరువు కింద తూము దగ్గరి మడులు పచ్చగా ఉండి, ఆఖరి మడి నెర్రెలిచ్చినట్టన్నమాట. అసలు చిక్కు మధ్యలో ఉన్నవాటితో. ఆక్సిజన్ చాలీచాలక, చావకుండా నిలిచిన ఆ కణాలే రేడియేషన్‌కు లొంగవు. జబ్బు తిరగబెట్టడానికి అవి ఒక ముఖ్య కారణం.

మరి ఆక్సిజన్‌నే బలవంతంగా ఎక్కిస్తే? లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో చర్చిల్-డేవిడ్‌సన్ 1950ల్లో ఆ పనే చేశారు. రోగిని మూసేసిన గొట్టం లాంటి చాంబర్‌లో పడుకోబెట్టి, మూడు రెట్ల వాతావరణ పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తూ రేడియేషన్ పెట్టేవారు. మామూలు గాలి పీల్చినప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తంలో నేరుగా కరిగే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లే. ఆ చాంబర్‌లో అది దాదాపు 6 మిల్లీలీటర్లకు చేరుతుంది. ఒత్తిడికి చెవులు దెబ్బతినకుండా మొదట్లో కర్ణభేరికి ముందే రంధ్రం చేసేవారు. లోపల నిప్పురవ్వ పుడితే ప్రాణాలకే ముప్పు. కొందరికి ఫిట్స్ వచ్చేవి.

320 మంది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగులతో చేసిన బ్రిటిష్ ట్రయల్ ఫలితాలు 1978లో వచ్చాయి. ముదిరిన దశలో ఉన్నవారికి మేలు కనిపించింది. 1999లో వెలువడిన మరో ట్రయల్‌లో ఆ మేలు కనిపించలేదు, దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి. ఇంత తంతు రోజూ కుదరదు కాబట్టి చాలాచోట్ల తక్కువ రోజుల్లో పెద్ద పెద్ద డోసులు ఇచ్చారు. నా దృష్టిలో ఆ పద్ధతిని బాగా బలహీనపరిచింది ఇదే. రోజూ కొంచెం కొంచెంగా 25 సార్లు పెడితే, ముందు పోయిన కణాల వల్ల మిగిలినవాటికి ఆక్సిజన్ దానంతటదే అందుతూ వస్తుంది. 1999 నుంచి వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందు తోడవడంతో ఈ క్యాన్సర్‌కు చాంబర్ అవసరం వెనక్కిపోయింది. రేడియేషన్ అయిపోయిన నెలలకో ఏళ్లకో మూత్రంలో రక్తం పడేవారికి ఇప్పుడు హైపర్‌బారిక్ ఆక్సిజన్, అంటే చాంబర్‌లో ఎక్కువ పీడనంతో ఆక్సిజన్ ఇస్తున్నారు. అది రేడియేషన్ వల్ల మూత్రాశయానికి తగిలిన పుండును మాన్పడానికి, క్యాన్సర్‌ను చంపడానికి కాదు. దీన్ని క్యాన్సర్ మందుగా అమ్మజూపేవాళ్లను నమ్మి భూమి తాకట్టు పెట్టొద్దు.

కణితికి ఆక్సిజన్ మోసుకెళ్లేది రక్తమే. ఈ జబ్బులో నెలల తరబడి రక్తం పోతూ ఉంటుంది, అసలే మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ. రక్తం తక్కువున్నవారిలో రేడియేషన్ ఫలితం తగ్గుతోందని చాలా అధ్యయనాల్లో తేలింది. రక్తం ఎక్కిస్తే చాలు నయమవుతుందని కాదు గానీ, ఆ లోటుతో చికిత్సకు దిగడం మంచిది కాదు. హిమోగ్లోబిన్‌ను ఇంజక్షన్లతో బాగా పెంచబోతే రక్తం గడ్డకట్టే ముప్పు కనిపించింది. చుట్ట తాగే అవ్వలైతే చికిత్స రోజుల్లోనైనా మానేయాలి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. లోపలి రేడియేషన్‌తో (కణితి దగ్గరే సాధనం పెట్టి ఇచ్చేది) కలిపి చికిత్స మొత్తం 8 వారాల్లో పూర్తి కావాలి. నాట్లున్నాయని మధ్యలో ఊరికి తీసుకెళ్తే మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. రక్తం ఇచ్చే కొడుకు గ్రూపు, అమ్మ గ్రూపు వేరైనా కంగారు పడొద్దు. చాలా బ్లడ్ బ్యాంకులు అతని రక్తం తీసుకుని ఆమెకు సరిపడే గ్రూపు ఇస్తాయి.