అంబాసిడర్ ఇంజన్ మార్చాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు పాత అంబాసిడర్ తెచ్చేవాళ్లలో చాలామంది ముందే నిశ్చయించుకుని వస్తారు: "ఇంజన్ అయిపోయిందండీ, మార్చేయండి." పొగ కొడుతోంది, ఆయిల్ తింటోంది, మే నెల ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే మరుగుతోంది. వాళ్లు చెప్పేదంతా నిజమే. కానీ అందులో ఏదీ ఇంజన్ పోయిందనడానికి రుజువు కాదు. గేజ్ పెట్టి కొలవకుండా ఎవరు తీర్పు చెప్పినా ఒప్పుకోకండి, నేను చెప్పినా సరే.

అపోహ: పొగ వస్తే ఇంజన్ మార్చవలసిందే.

ఏ రంగు పొగ, ఎప్పుడు వస్తోంది అన్నది ముందు చూడాలి. యాక్సిలరేటర్ వదిలి వాలు దిగి, మళ్లీ తొక్కగానే నీలం పొగ గుప్పుమంటే తప్పు చాలావరకు వాల్వు గైడ్లది, అంటే వాల్వు కాడలు ఆడే గొట్టాలది. ఇంజన్ పైభాగమైన హెడ్ ఒక్కటి దించితే చాలు. బరువు లాగుతున్నంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగులను, బోరును, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడను, అనుమానించాలి. నల్ల పొగయితే ముందు కార్బురేటర్ చూడండి. ఆ తరువాత కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ ఎంత ఒత్తిడి పుట్టిస్తోందో గేజ్‌తో కొలవాలి. ఏ సిలిండర్‌లో తక్కువగా ఉందో అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తాం. పెరిగితే లోపం రింగుల వైపు, పెరగకపోతే వాల్వుల వైపు. ఈ చిన్న పరీక్ష చేయకుండానే వేలు ఖర్చు పెట్టించేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అపోహ: ఒకసారి బోరు చేయించిన (సిలిండర్లను తొలిచి వెడల్పు చేయించిన) బ్లాకు, అంటే సిలిండర్లుండే ఇంజన్ మొండెం, ఇక పనికిరాదు.

పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌కు కొత్తలో బోరు వెడల్పు 73.025 మిల్లీమీటర్లు. అరిగాక అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 20, 40, 60 సైజులకు పెంచి, ఆ సైజు పిస్టన్లు వేస్తారు. అదీ దాటితే స్లీవులు, అంటే లోపల కొత్త ఇనుప గొట్టాలు, దించి మళ్లీ మొదటి సైజుకు తేవచ్చు. పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంకును కూడా ఇలాగే మెట్లుమెట్లుగా గ్రైండ్ చేయించి, దానికి తగిన బేరింగులు వేస్తాం. ఈ పోత ఇనుప బ్లాకు పునర్జన్మలు ఎత్తగలదు.

తెనాలి నుంచి ఒకాయన తన తండ్రి కొన్న 1969 నాటి కారు తెచ్చారు. అప్పటికే ఇద్దరు మెకానిక్కులు ఇంజన్ పోయిందని, డీజిల్‌ది వేయమని చెప్పారట. ప్రతి సిలిండర్‌నూ పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా కొలిచాను. బ్లాకు ఇంకా 20 సైజులోనే ఉంది. 40కి బోరు చేయించి బిగించాం. నీటి దారులు తెరిస్తే వెనుక సిలిండర్ చుట్టూ గట్టిపడిన సున్నం, చిలుము. ఏళ్ల తరబడి బోరుబావి నీళ్లు పోసిన ఫలితం అది. కారు మరిగినదంతా దానివల్లే.

అపోహ: ఇప్పటి పెట్రోలుకు పాత ఇంజన్ తట్టుకోదు.

దేశంలో 2000 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. సీసం లేకపోతే పాత వాల్వు సీట్లు, అంటే వాల్వులు ఆనే అంచులు, త్వరగా అరుగుతాయని చింత. హెడ్ దించినప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయిస్తే ఆ చింత తీరుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు దెబ్బ తీసేది ముఖ్యంగా రబ్బరు పైపులను, పంపు డయాఫ్రంను, గాస్కెట్లను. వాటిని మార్చండి, ఇంజన్‌ను కాదు.

అపోహ: డీజిల్ వేస్తే మైలేజీ వస్తుంది, కాగితాలు తరువాత చూసుకోవచ్చు.

మైలేజీ వస్తుంది. కానీ డీజిల్ ఇంజన్ బరువెక్కువ. ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్లు కుంగుతాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది. కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. ఆర్‌సీలో ఇంజన్ నంబరు, ఇంధనం, సీసీ రాసి ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల గురించే. రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, అనుమతి చేతికి వచ్చాకే స్పానర్ పట్టుకోవాలి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికే 'వీఏ' వరుస నంబరు ఇస్తారు. ఆ తెనాలి కారుకు ఇప్పుడు ఆ అర్హత వయసు ఉంది. ఆ రోజు డీజిల్ వేసి ఉంటే ఈ దారి మూసుకుపోయేది.

అపోహ: అసలు ఇంజన్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చకూడదు.

ఇదీ తప్పే. మెయిన్ బేరింగు దగ్గర బ్లాకు చీలితే నేనూ మార్చమనే అంటాను. అప్పుడు కూడా అదే 1489 సీసీ ఇంజన్ వెతకమంటాను. కాగితాలున్నదే కొనండి, కొన్నాక విప్పి కొలవనిదే బిగించవద్దు. 1990ల నాటి అంబాసిడర్‌ను రోజూ నడుపుకునేవారు, కంపెనీయే ఆ రోజుల్లో వేసిన ఇసుజు 1800 ఇంజన్ కావాలంటే నాకు అభ్యంతరం లేదు, అనుమతి ఉంటే చాలు. 1960ల కారుకు మాత్రం నా చేతులు రావు.

దించిన బ్లాకును మాత్రం తూకానికి వేయకండి. పని నేర్చుకున్న కొత్తలో అంబాసిడర్ తొలి మోడల్ మార్క్ వన్ బ్లాకును ఒకదాన్ని నేనే ఇనుప కొట్టుకు పంపాను. చాలా ఏళ్లకు ఆ ఇంటివాళ్లు దానికోసం వచ్చారు. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటినుంచి మా షెడ్డులో దించిన ప్రతి బ్లాకునూ కడిగి, బోర్లకు గ్రీజు పూసి, చెక్క మీద నిలబెట్టి, ఆర్‌సీ నకలుతో సహా యజమానికి అప్పగిస్తున్నాను.