షుగర్ టెస్ట్ చేసి క్రీమ్ బిస్కెట్ చేతిలో పెట్టారు

పోయిన ఏడాది మా ఫ్యాక్టరీలో వెల్‌నెస్ వీక్ అని ఒకటి చేశారు. పేరెందుకులెండి, శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం చుట్టుపక్కల మందుల కంపెనీల్లో ఒకటి అనుకోండి చాలు. ఉదయం ఆరింటికి సీ షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, దిగినవాళ్లని దిగినట్టే వరసలో నిలబెట్టి ‘ఫాస్టింగ్’ రక్తం తీసుకున్నారు. తెల్లవారుజామున మూడింటికి క్యాంటీన్లో ఉప్మా, రెండు మిరపకాయ బజ్జీలు తిని, పంచదార దండిగా పోసిన టీ తాగినవాళ్లకి పరగడుపేంటి? నా ముందున్న పెద్దాయన కాంట్రాక్టు మనిషి, రణస్థలం అవతల పల్లె నుంచి సైకిలు మీద వస్తాడు. ‘నేను తిన్నాను బాబూ, పరగడుపు కాదు’ అని ఉన్నమాట చెప్పేశాడు. టెక్నీషియన్ కుర్రాడు తలెత్తకుండానే ‘పర్లేదు, చెయ్యి ఇటు పెట్టండి’ అన్నాడు. రక్తం తీశాక దూది అద్ది, అట్టపెట్టెలోంచి ఒక క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్టు, మామిడి జ్యూస్ డబ్బా ఒకటి తీసి చేతిలో పెట్టారు. వెనక గోడకి ‘చక్కెర తగ్గించండి’ అని బ్యానరు. పెద్దాయన బ్యానరు చూశాడు, ప్యాకెట్టు చూశాడు. ‘ఇదేటి, రోగమూ మందూ ఒకేపాలి ఇచ్చేస్తన్నారు’ అన్నాడు.

నవ్వుకున్నాం గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఈ వెల్‌నెస్ అనేది మన దాకా ఎలా వచ్చింది, అంతకుముందు పనిచేసే చోట తిండి సంగతి ఎవరు చూసేవారు, మన కంచంలో ఎప్పుడేం మారింది అని తీరిక దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను.

వెల్‌నెస్ కన్నా పాతదైన ఒక మాట దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే సగం కథ అక్కడే ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఐదో అధ్యాయం పేరు సంక్షేమం, అంటే వెల్ఫేర్. చేతులు కడుక్కునే చోటు, నిలబడి పనిచేసేవాళ్లు కాసేపు కూర్చోడానికి బల్ల, ప్రథమ చికిత్స పెట్టె, క్యాంటీన్, అన్నం తినే గది, పిల్లల్ని పెట్టుకునే గది, అన్నీ అందులోనే. 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ పెట్టించే అధికారం 46వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది, దాన్ని నడిపే కమిటీలో కార్మికుల ప్రతినిధులుండాలని కూడా అదే సెక్షన్ చెప్పింది. 150 దాటితే కనీసం తెచ్చుకున్న క్యారేజీ విప్పుకునే గది, తాగేనీళ్లు ఉండాలంది. అదే ఏడాది ఈఎస్ఐ చట్టం కూడా వచ్చింది, 1952లో కాన్పూరు, ఢిల్లీల్లో అమలు మొదలైంది. ఇందులో ఎక్కడా కార్మికుడికి నీతులు చెప్పలేదు గమనించండి. నువ్వు తక్కువ తిను, ఎక్కువ నడువు అనలేదు. యజమాని ఏం చెయ్యాలో రాశారు, చెయ్యకపోతే ఏమవుతుందో రాశారు.

అలాగని పాత రోజుల్లో అంతా బాగుందని నేననను. మా తాతయ్య నెల్లిమర్ల వైపు జూట్ మిల్లులో పనిచేసేవాడు. మిల్లు కూతని బట్టే ఇంట్లో పొయ్యి వెలిగేది. పొద్దున్నే ముంతెడు చోడంబలి, అందులో ఉప్పు, పక్కన ఉల్లిపాయ. మధ్యాహ్నం నాయనమ్మ గేటు దగ్గరికి క్యారేజీ పట్టుకెళ్లేది, పై గిన్నెలో అన్నం, కింద గిన్నెలో తోటకూరో ఎండుచేపల పులుసో. ఇప్పుడు మనం రాగిజావ అని కప్పుకి ముప్పై రూపాయలు పెట్టి తాగుతున్నది అప్పట్లో బియ్యం కొనలేనివాళ్ల తిండి. వరికూడు తినడమంటే మా వైపు పరువు. పెళ్లి మాటల్లో కూడా ‘వాళ్లది రెండు పూటలా వరికూడు’ అని చెప్పుకునేవారట.

ఆ తెల్ల బియ్యం మీద మోజుకి మన ప్రాంతం ఒకసారి గట్టిగానే మూల్యం కట్టింది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. గంజాం నుంచి కిందికి, అప్పుడు ఉత్తర సర్కారులు అనే ఈ కోస్తా అంతా బెరిబెరికి పేరుపడ్డ చోటు. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు నీరుపట్టి, కొందరికి గుండె ఆగిపోయే జబ్బు. మరపట్టిన పచ్చి బియ్యంలో తవుడంతా పోయి, దాంతోపాటు బి1 విటమిన్ కూడా పోవడం, ఉన్న కాస్తా కడుగు నీళ్లలో, వార్చిన గంజిలో పోవడం దానికి కారణం. ఉప్పుడు బియ్యం తినే చోట్ల ఈ బాధ తక్కువ, ఎందుకంటే ధాన్యాన్ని నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలో ఉన్న విటమిన్ కొంత గింజ లోపలికి దిగుతుంది. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధన పేరే బెరిబెరి ఎంక్వైరీ. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు వచ్చింది, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అయింది. 2024లో ఆ సంస్థ కొత్త ఆహార మార్గదర్శకాలు వేస్తూ మన దేశంలో జబ్బుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని చెప్పింది. వందేళ్ల కిందట మన జిల్లాల వైపు చూసి బియ్యం సంగతి తేల్చమని కూర్చున్నవాళ్లు ఇంకా బియ్యం సంగతే చెప్తున్నారు. కాకపోతే అప్పుడు లోటు, ఇప్పుడు ఎక్కువ.

ఎక్కువ ఎలా అయింది? 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఆకలి తెలిసినవాళ్లెవరూ ఆ పథకాన్ని తిట్టరు, నేనూ తిట్టను. కానీ ఆ దెబ్బకి చోళ్లు, గంటెలు (సజ్జలు), సామలు మెల్లగా కంచం దిగిపోయాయి. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్లు మాత్రం చోడి వదల్లేదు, వేగావతి లాంటి రకాలు తెచ్చారు, అది మన ఏటి పేరే. పండించేవాడు పండిస్తున్నా అవి టౌన్లో ప్యాకెట్లయి దొరుకుతున్నాయి గానీ ఫ్యాక్టరీ క్యాంటీన్ గుమ్మం ఎక్కలేదు. నూనె సంగతీ అంతే. మంచినూనె అంటే మనకి నువ్వుల నూనె, నువ్వులు మన మెట్టలోనే పండేవి. 1994లో పామోలిన్ దిగుమతికి గేట్లు తెరిచాక చవక నూనె వరదలా వచ్చింది. చవక నూనె ఉంటే బజ్జీ చవక, పునుగు చవక, సాయంత్రం బండి మీద చికెన్ పకోడీ చవక. హైవే నాలుగు వరసలయ్యాక దాని పక్కన బిర్యానీ పాయింట్లు ఎన్ని లేచాయో రోజూ కంపెనీ బస్సులో వెళ్లే మాకు లెక్కే. తాతయ్య కూడా కంచం నిండా అన్నం తిన్నాడు, కానీ మిల్లుకి నడిచి వెళ్లి, ఎనిమిది గంటలు నిలబడి, నడిచి వచ్చాడు. నేను బస్సెక్కి, కంట్రోల్ రూములో కూర్చుని, బస్సు దిగుతాను. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది అంచు మీద ఉన్నారని తేల్చింది.

ఇక్కడ చిన్న పక్కదారి. ఆ పెద్దాయన సన్నగా, కట్టెలా ఉంటాడు. క్యాంపులో గోడకి పెట్టిన, ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ చార్టు ప్రకారం ఆయన ‘నార్మల్’. షుగర్ మాత్రం 190 దాటింది (ఉప్మా తిన్నాకే అనుకోండి, అయినా ఎక్కువే). పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ దీని గురించి ఏళ్లుగా చెప్తున్నారు, మనవాళ్లు బయటికి బక్కగా కనిపిస్తూ లోపల కొవ్వు మోస్తుంటారని. పైగా రాత్రి పూట ఒంటికి చక్కెరని సర్దుకునే శక్తి తగ్గుతుంది, అదే ఉప్మా పగలు తిన్నదానికన్నా రాత్రి మూడింటికి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ లేస్తుంది. షిఫ్ట్ చార్టు వేసేవాళ్ల చేతిలో కూడా మన షుగర్ కొంత ఉందన్నమాట. మా వెల్‌నెస్ వీక్‌లో ఆ ముక్క ఎవరూ ఎత్తలేదు, పదివేల అడుగుల పోటీ మాత్రం పెట్టారు.

వెల్‌నెస్ పుట్టిల్లు అమెరికా. ఆ మాటని ఇప్పటి అర్థంలో వ్యాప్తిలోకి తెచ్చింది హాల్బర్ట్ డన్ అనే డాక్టరు, 1950ల చివర్లో. అక్కడ ఉద్యోగుల వైద్య బీమా ఖర్చు చాలావరకు కంపెనీల మీదే పడుతుంది కాబట్టి ఉద్యోగి ఒళ్లు బాగుంటే బిల్లు తగ్గుతుందని లెక్కలేసుకున్నారు. జాన్సన్ అండ్ జాన్సన్ 1979లో పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది, తక్కినవాళ్లు అందుకున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలతో అది బెంగళూరు, హైదరాబాదు వచ్చి, అక్కడి హెచ్ఆర్ వాళ్ల స్లైడ్లలో నుంచి మా పైడిభీమవరం దాకా దిగింది. ప్రభుత్వం కూడా తన వంతు చేసింది, 2021లో ఆయుష్ శాఖ ఆఫీసులోనే చేసుకునే అయిదు నిమిషాల యోగా విరామం యాప్ తెచ్చింది. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు వ్యాయామం నేర్పిన విజయనగరం వాళ్లకి అయిదు నిమిషాల యోగా!

మరి పనిచేస్తుందా? దీనికి గట్టి పరీక్షలే జరిగాయి. అమెరికాలో ఒక దుకాణాల సంస్థకి చెందిన 160 చోట్ల, దాదాపు 33 వేల మంది ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. లాటరీ వేసినట్టు 20 చోట్ల వెల్‌నెస్ పెట్టి, మిగతా చోట్ల పెట్టకుండా ఏడాదిన్నర చూశారు. వ్యాయామం చేస్తున్నాం అని చెప్పేవాళ్లు పెరిగారు. బరువు, బీపీ, కొలెస్ట్రాల్, సెలవులు, వైద్యం ఖర్చు, వీటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇల్లినాయ్ యూనివర్సిటీ ఉద్యోగుల మీద చేసిన ఇంకో పరీక్షలో తేలింది మరీ ఆసక్తికరం: ఇలాంటి వాటిలో చేరేవాళ్లు చేరకముందే కాస్త ఆరోగ్యంగా, ఖర్చు తక్కువగా ఉన్నవాళ్లు. మా స్టెప్ కౌంట్ పోటీలో మొదటి బహుమతి ఎవరికొచ్చిందనుకుంటున్నారు? రోజూ విజయనగరం అయోధ్య మైదానంలో రన్నింగ్ చేసే క్వాలిటీ విభాగం కుర్రాడికి.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. లండన్‌లో జెర్రీ మోరిస్ 1953లో బస్సు డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూశాడు. రెండంతస్తుల బస్సులు అవి, కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగుతుంటాడు, డ్రైవరు కూర్చునే ఉంటాడు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువ. కూర్చుని చేసే పని చేటు అని ప్రపంచానికి లెక్కతో చెప్పిన మొదటి వాళ్లలో ఆయనొకడు. అయితే అక్కడితో ఆగలేదు, 1956లో వాళ్ల యూనిఫాం ప్యాంట్ల కొలతలు తెప్పించి చూస్తే డ్రైవర్ల నడుము కొలత ముందు నుంచే పెద్దది. అంటే కొంత పని వల్ల, కొంత ఆ పనికి చేరే మనుషుల వల్ల. తన ఫలితాన్ని తనే అనుమానించి దర్జీ కొలతల దాకా వెళ్లాడు చూడండి, అది నాకు నచ్చింది. మనవాళ్లు పరగడుపు కాని రక్తానికి పరగడుపు అని రాసేశారు.

2025 జూలైలో సమోసా, జిలేబీల మీద టీవీల్లో జరిగిన గోల గుర్తుండే ఉంటుంది, సిగరెట్ పెట్టెల్లాగా వీటికీ హెచ్చరికలు వేస్తారని. కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తరంలో ఉన్నది అది కాదు. ఆఫీసు లాబీల్లో, క్యాంటీన్లలో, మీటింగ్ గదుల్లో నూనె, చక్కెర ఎంతెంత ఉంటాయో తెలిపే బోర్డులు పెట్టుకోమన్నారు, ఆ తరవాత ప్రభుత్వమే వివరణ ఇచ్చుకుంది. బోర్డు మంచిదే, మాకూ ఒకటి పెట్టారు. బోర్డు కింద కౌంటర్లో మాత్రం రాత్రి మూడింటికి ఆ ఉప్మా, ఆ బజ్జీలే.

అసలు క్యాంటీనే లేనివాళ్ల మాటేంటి? పలాస, కాశీబుగ్గల్లో వందల కొద్దీ జీడిపప్పు యూనిట్లున్నాయి, పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు జీడి అంటి నల్లబడి ఉంటాయి. చాలావరకు చిన్న యూనిట్లు, 250 మంది ఎక్కడా ఉండరు, కాబట్టి పాత చట్టం క్యాంటీన్ మాటే ఎత్తలేదు. ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న అన్నం, లేకపోతే టీ, బన్ను. ఆ పక్కనే ఉద్దానం, కిడ్నీ జబ్బు ఇన్నేళ్లుగా ఊళ్లు తినేస్తున్నా కారణం తేలని చోటు, అక్కడ పనిచేసేవాళ్లకి వెల్‌నెస్ అంటే ముందు మంచినీళ్లు, ఎండలో కాస్త నీడ. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో క్యాంటీన్ హద్దు 100 మందికి దిగింది, కాంట్రాక్టు వాళ్లని కూడా కలిపి లెక్కపెట్టాలని రాశారు, నలభై ఏళ్లు దాటినవాళ్లకి ఏటా ఉచితంగా వైద్య పరీక్ష అన్నారు. పలాస యూనిట్లలో చాలావాటికి ఆ వంద కూడా ఎక్కువే.

ఇదంతా చదివాక ఊరుకోలేక క్యాంటీన్ కమిటీలో పేరిచ్చాను. మొదటి మీటింగ్‌లో రెండే అడిగాను: సీ షిఫ్ట్‌కి ఉప్మా బదులు వారానికి మూడు రోజులు చోడంబలి, మజ్జిగ, శనగలు పెట్టమని, బజ్జీల మూకుట్లో నూనె ఎన్నిసార్లు మరిగిస్తున్నారో రాసిపెట్టమని. నూనె పదేపదే మరిగితే పుట్టే పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచే రూలుంది, కొలిచే మీటరు మా క్యాంటీన్లో లేదు. కాంట్రాక్టరు చేతులు కట్టుకుని మర్యాదగా విన్నాడు. ‘పెడతాను సార్, నాకేటి. ఈ కూపన్ రేటుకి మాత్రం బజ్జీయే వస్తాది’ అన్నాడు. హెచ్ఆర్ మేడమ్ రేటు సంగతి పైన మాట్లాడాలని డైరీలో రాసుకున్నారు. పెద్దాయన రిపోర్టు ఇంగ్లీషు పీడీఎఫ్‌గా ఫోనుకి వచ్చింది, నా చేత చదివించుకున్నాడు. కింద సలహా అని ఒక వాక్యం ఉంది: రోజూ అరగంట నడవండి. ‘సైకిలు తొక్కితే కుదరదా?’ అని అడిగాడు.