కామెర్లు తగ్గించే గొట్టం, క్రిములకు తెరిచిన దారి: విపుల్ ఆపరేషన్ చుట్టూ నూరేళ్ల చర్చ

కళ్లు పచ్చబడితే మన ఇళ్లలో మొదట చేసేది పసరు మందు వెతకడం. నేల ఉసిరి నూరి తాగిస్తారు, పత్యం పెడతారు, కొన్ని ఊళ్లలో ఇప్పటికీ చేతి మీద వాత పెట్టిస్తారు. పది రోజులు గడిచినా పచ్చదనం తగ్గదు. ఒళ్లంతా దురదతో రాత్రుళ్లు నిద్ర ఉండదు. మూత్రం టీ డికాషన్ రంగులో, మలం తెల్లమట్టి రంగులో వస్తుంటాయి. అప్పుడు స్కానింగ్ తీయిస్తే అసలు సంగతి బయటపడుతుంది. క్లోమం (పాంక్రియాస్) తల దగ్గర గడ్డ పెరిగి, లివర్ నుంచి పైత్యరసం దిగే నాళాన్ని నొక్కేస్తోంది.

ఇక చాలా చోట్ల జరిగేది ఒకటే. నోటి గుండా ఎండోస్కోపు పంపి (దీన్నే ఈఆర్‌సీపీ అంటారు), మూసుకుపోయిన నాళంలో స్టెంట్ అనే సన్నని గొట్టం వేస్తారు. కొద్ది రోజుల్లో దురద తగ్గుతుంది, కొన్ని వారాల్లో కళ్లు తెల్లబడతాయి, అన్నం సయిస్తుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత గడ్డను తీసే పెద్ద ఆపరేషన్ అవుతుంది, దాని పేరే విపుల్. ఐదో రోజో ఆరో రోజో కుట్ల దగ్గర చీము పడుతుంది, వణుకుతో జ్వరం వస్తుంది. ముందు వేసిన స్టెంటుకూ ఈ చీముకూ సంబంధం ఉండవచ్చని ఇంట్లో ఎవరికీ తట్టదు. సంబంధం ఉంది. ఆ సంగతి వైద్యులకు అర్థం కావడానికే దాదాపు నూరేళ్లు పట్టింది.

క్లోమం తలను, దానికి అతుక్కుని ఉండే ఆంత్రమూలాన్ని (చిన్నపేగు మొదటి భాగాన్ని) కలిపి తీసే ప్రయత్నం 1898లో ఇటలీలో అలెస్సాండ్రో కొడివిల్లా చేశారు. రోగి కొద్ది వారాలకే చనిపోయారు. 1909లో బెర్లిన్‌లో వాల్టర్ కౌష్ విజయవంతంగా చేశారు, కానీ ఒకే విడతలో కాదు. ముందు పిత్తాశయాన్ని పేగుకు కలిపి కామెర్లు తగ్గించారు. కొన్ని వారాలు ఆగి గడ్డ తీశారు. ఆ రోగి సుమారు తొమ్మిది నెలలు బతికారు. చివరికి ప్రాణం తీసింది పైత్యనాళాల ఇన్ఫెక్షన్. ఈ ఆపరేషన్ చరిత్ర మొదటి పుటలోనే ఆ ఇన్ఫెక్షన్ ఉందన్నమాట.

1935లో న్యూయార్క్‌లో అలెన్ విపుల్ తన సహచరులతో కలిసి ప్రచురించిన పద్ధతి కూడా రెండు విడతలదే. ఆ రోజుల్లో సర్జన్ల భయం క్రిముల గురించి కాదు, రక్తస్రావం గురించి. పైత్యరసం పేగులోకి దిగకపోతే కొవ్వులో కరిగే విటమిన్ కె ఒంటికి పట్టదు. అది లేకపోతే రక్తం గడ్డకట్టదు. కామెర్లతో ఉన్న మనిషి కడుపు కోస్తే నెత్తురు ఆగేది కాదు. అందుకే కామెర్లు దిగనిచ్చి కోయడం నియమమైంది. డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్ విటమిన్ కెను గుర్తించి 1935లో దానికి పేరు పెట్టారు. ఆ పనికి 1943లో నోబెల్ వచ్చింది. ఆ విటమిన్ చేతికి అందాక, 1940లో విపుల్ ఆపరేషన్‌ను ఒకే విడతలో ముగించారు. నేటికీ ఈ ఆపరేషన్ ఆయన పేరుతోనే నడుస్తోంది.

కథ అక్కడితో తేలిపోవాల్సింది, తేలలేదు. 1960ల్లో, 70ల్లో ఈ ఆపరేషన్ చేయించుకున్న ప్రతి నలుగురైదుగురిలో ఒకరు ఆసుపత్రిలోనే చనిపోయేవారు. కారణాలు వెతికిన సర్జన్ల కళ్లకు మళ్లీ కామెర్లే కనిపించాయి. కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం బిలిరుబిన్ ఎక్కువగా ఉంటే కిడ్నీలు దెబ్బతింటాయి, రోగనిరోధక శక్తి తగ్గుతుంది, గాయం మానదు. ఇవన్నీ నిజాలే. 1970ల మధ్యలో చర్మం గుండా సూది దించి లివర్‌లోని పైత్యనాళంలో గొట్టం పెట్టే పద్ధతి వచ్చింది. 1978లో జపాన్ నుంచి నకయామా బృందం ఒక నివేదిక ఇచ్చింది. ఇలా ముందుగా పైత్యరసం బయటకు తీసినవారిలో ఆపరేషన్ మరణాలు సుమారు 28 శాతం నుంచి 8 శాతానికి తగ్గాయని దాని సారాంశం. 1980లో హాంబర్గ్‌లో నిబ్ సోహేంద్ర ఎండోస్కోపు గుండానే ప్లాస్టిక్ స్టెంట్ వేసే పద్ధతిని ప్రచురించాక, కోతా సూదీ కూడా లేకుండా పోయాయి. ఇంత తేలికైన పని చేయకుండా ఉండటం ఎవరికి సాధ్యం?

అయితే నకయామా పోల్చింది పాత రోగులను కొత్త రోగులతో. మధ్యలో మత్తు వైద్యం, ఐసీయూ, సర్జన్ల అనుభవం అన్నీ మెరుగుపడ్డాయి. తగ్గుదలంతా గొట్టం పుణ్యమేనని ఎలా చెప్పగలం? 1982, 1985 మధ్య కేప్‌టౌన్, లండన్, లాస్ ఏంజెలెస్‌లలో రోగులను చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడగొట్టి చూశారు. గొట్టం పెట్టిన జట్టుకు మేలు కనపడలేదు. ఆసుపత్రిలో ఉండే రోజులు, ఖర్చు మాత్రం పెరిగాయి. ఇంత స్పష్టంగా తేలినా స్టెంట్ల వాడకం తగ్గలేదు. పచ్చబడ్డ మనిషిని చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడం వైద్యుడికీ కష్టమే, ఇంట్లోవాళ్లకూ కష్టమే. నేను తప్పు పట్టను, కానీ కంటికి కనిపించే రంగు కంటికి కనిపించని క్రిమి కంటే ఎక్కువ భయపెట్టిందన్నది వాస్తవం.

ఆ క్రిమి ఎలా చేరుతుంది? పైత్యనాళం పేగులోకి తెరుచుకునే చోట చిన్న కండర వలయం ఉంటుంది. 1887లో దాన్ని వివరించిన ఇటలీ విద్యార్థి రుగ్గెరో ఒడ్డీ పేరే దానికి పెట్టారు. రసాన్ని కిందికి వదులుతుంది, పేగులోని క్రిములను పైకి రానివ్వదు. స్టెంట్ సరిగ్గా ఆ గుమ్మంలోంచే వెళ్తుంది. మూడు మిల్లీమీటర్లకు కాస్త పైబడిన వ్యాసం, వేలెడంత పొడవు ఉన్న ఆ ప్లాస్టిక్ గొట్టం ఒక కొస నాళంలో, మరో కొస పేగులో ఉంటుంది. తలుపు రాత్రింబవళ్లు తెరిచే ఉన్నట్టు. కొద్ది రోజుల్లో గొట్టం లోపలి గోడకు బ్యాక్టీరియా జిగురు పొరలా పేరుకుంటుంది. ఆ పొరను యాంటీబయాటిక్ సులువుగా ఛేదించలేదు. స్టెంట్ వేయనివారి పైత్యరసంలో చాలామందికి క్రిములు దొరకవు. వేసినవారిలో చాలామందికి దొరుకుతాయి, తరచూ రెండు మూడు జాతులు కలిసి: ఎంటెరోకోకస్, ఈ-కొలై, క్లెబ్సియెల్లా, ఎంటెరోబ్యాక్టర్.

ఆపరేషన్ బల్ల దగ్గర ఈ తేడా తెలిసిపోతుంది. స్టెంట్ లేని నాళం ఉబ్బి ఉన్నా గోడ పలచగా ఉంటుంది, సూదికి మెత్తగా లొంగుతుంది. నెలపాటు స్టెంట్ ఉన్న నాళం గోడ వాచి దళసరిగా మారి, చుట్టూ కండకు అతుక్కుని ఉంటుంది. కోసినప్పుడు మడ్డి కలిసిన చిక్కటి రసం వస్తుంది. ఆ రసం కొంతైనా కడుపులో చిందక తప్పదు.

విపుల్‌లో ఆంత్రమూలం, క్లోమం తల, పైత్యనాళం కింది భాగం, పిత్తాశయం తీసేసి, మిగిలిన క్లోమాన్ని, నాళాన్ని, పొట్టను పేగుకు తిరిగి కలుపుతారు. మూడు అతుకుల్లో క్లోమం అతుకే సున్నితం. అది కారుతుందా లేదా అన్నది ఎక్కువగా క్లోమం మెత్తదనం, దాని నాళం సన్నదనం మీద ఆధారపడుతుంది, నేరం అంతా స్టెంట్ మీద వేయలేం. కానీ కారిన రసంలో క్రిములు చేరితే పరిస్థితి మారిపోతుంది. చీముగడ్డ కడుతుంది. పక్కనే ముడివేసి వదిలిన రక్తనాళపు మోడును ఆ చీము, ఆ జీర్ణరసం కలిసి తినేస్తే, వారం పది రోజుల తర్వాత ఉన్నట్టుండి రక్తస్రావం అవుతుంది. కడుపులోని ద్రవాన్ని బయటకు తీసే డ్రైన్ గొట్టంలో కాస్త ఎర్రగా కనపడగానే అనుభవమున్న సర్జన్ రాత్రనక పరుగెత్తుకొచ్చేది ఇందుకే.

తీర్పు లాంటిది 2010లో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. బిలిరుబిన్ డెసిలీటరు రక్తంలో సుమారు 2.3 నుంచి 14.6 మిల్లీగ్రాముల మధ్య ఉన్న 202 మందిలో కొందరికి వారంలోపే ఆపరేషన్ చేశారు. మిగతావారికి స్టెంట్ వేసి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగారు. తీవ్రమైన ఇబ్బందులు నేరుగా ఆపరేషన్ చేసినవారిలో 39 శాతం, స్టెంట్ వేసినవారిలో 74 శాతం. మరణాల్లో తేడా లేదు. వాడినవి ప్లాస్టిక్ స్టెంట్లని, అవి తొందరగా మూసుకుపోతాయని విమర్శ వచ్చింది. 2016లో అదే దేశపు వైద్యులు లోహపు స్టెంట్లతో చూస్తే, స్టెంట్ వల్ల వచ్చే ఇబ్బందులు 46 శాతం నుంచి 24 శాతానికి తగ్గాయి. తగ్గాయి గానీ పోలేదు.

దీంతో స్టెంట్ల శకం ముగియాలి. కానీ ఈలోగా వైద్యమే మారింది. ఇప్పుడు చాలామందికి ఆపరేషన్‌కు ముందు నెలల తరబడి కీమోథెరపీ ఇస్తున్నారు. కామెర్లు ఉండగా ఆ మందులు ఇవ్వలేరు, కాబట్టి స్టెంట్ తప్పదు. నాళాల్లో ఇప్పటికే ఇన్ఫెక్షన్ ఉన్నవారికి, బిలిరుబిన్ మరీ పెరిగిపోయినవారికి, ఆపరేషన్ తేదీ దూరంగా ఉన్నవారికి కూడా తప్పదు. కొన్నేళ్ల కిందటి వరకూ వాదన స్టెంట్ వేయాలా వద్దా అన్నదాని మీద. ఇప్పుడది వేసినవారిని ఎలా కాపాడాలన్న చోటికి జరిగింది.

దానికి గట్టి జవాబు 2023లో వచ్చింది. అమెరికా, కెనడాల్లోని 26 ఆసుపత్రుల్లో 778 మందిపై పరీక్ష జరిగింది. కోతకు ముందు అలవాటుగా ఇచ్చే యాంటీబయాటిక్ సెఫాక్సిటిన్‌కు బదులు పిపరాసిలిన్-టాజోబాక్టమ్ ఇస్తే, ఆపరేషన్ చోట ఇన్ఫెక్షన్లు 32.8 శాతం నుంచి 19.8 శాతానికి తగ్గాయి. క్లోమం నుంచి ఇబ్బంది పెట్టే స్థాయిలో రసం కారడం కూడా 19 నుంచి 12.7 శాతానికి తగ్గింది. సెఫాక్సిటిన్ జాతి మందులు ఎంటెరోకోకస్‌ను ఏమీ చేయలేవు. స్టెంట్ ఉన్న నాళంలో తరచూ ఉండేది అదే. దశాబ్దాల పాటు తప్పు తాళంచెవితో తలుపు తీయబోయినట్టు అనిపిస్తుంది.

పిపరాసిలిన్-టాజోబాక్టమ్‌ను మన దగ్గర కళ్లు మూసుకుని దించుకోవడానికి లేదు. మందులకు లొంగని క్లెబ్సియెల్లా, ఈ-కొలై ఇక్కడి ఆసుపత్రుల్లో నిత్యం ఎదురవుతున్నాయి. ఎండోస్కోపీలో ఏఐజీ లాంటి సంస్థలతో హైదరాబాద్ ప్రపంచంలో పేరు తెచ్చుకుంది, ఈఆర్‌సీపీ చేసే చేతులు మనకు కొదవలేదు. అందుకే ఇంట్లోవాళ్లు అడగవలసింది స్టెంట్ వేయడానికి ముందే: సీటీ స్కాన్ అయిందా, సర్జన్ చూశారా, నేరుగా ఆపరేషన్‌కు వీలుందా అని. స్టెంట్ పడ్డాక తీసే సీటీలో ఆ గొట్టం, చుట్టూ వాపు కలిసి గడ్డ హద్దులను మసకబారుస్తాయి.

ఇక స్టెంట్‌తోనే బల్ల మీదికి వచ్చిన మనిషి నాళం కోసిన క్షణంలో, అసిస్టెంట్ సిరంజితో కాస్త పైత్యరసం లాగి, సీసాలో పోసి, పేరు అంటించి మైక్రోబయాలజీకి పంపుతారు. అందులోని క్రిములను పెంచి చూసే కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు. చలిజ్వరం మొదలైతే, ఏ మందు పని చేస్తుందో చెప్పేది ఆ కాగితమే.